మోకాలిలో పులుపు

అప్పలలక్ష్మి ఎవరినీ ఒక్క మాటకే నమ్మే మనిషి కాదు. నర్సీపట్నంలో చింతపండు వ్యాపారం చేసేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. కొయ్యూరు సంతలో బుట్ట ముందు కూర్చుందంటే పైన కనిపించే పండును కన్నెత్తి కూడా చూడదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునున్న పండు పైకి లాగుతుంది. పిడికిట్లో నొక్కుతుంది, వాసన చూస్తుంది, అంచు కొరికి చప్పరిస్తుంది. బరువు కోసం నీళ్ళు చిలకరించారేమో, పాత పండు అడుగున సర్ది పైన కొత్తది పరిచారేమో ఆ చెయ్యీ ఆ నాలుకా తేల్చాకే బేరం మాట ఎత్తుతుంది. ఆమె భర్త సింగన్న ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆమె కొన్న సరుకును కొండ మీద నుంచి దించి, పెదబొడ్డేపల్లి వైపు వాళ్ళు అద్దెకు తీసుకున్న షెడ్డుకు చేర్చేది ఆయనే. ఆయన తెచ్చిన కూరగాయల సంచీని కూడా ఆమె అలాగే అడుగు నుంచి తిరగేసి చూస్తుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. "దాని అనుమానమే మాకు కూడెడతన్నాది" అంటాడు అడిగినవాళ్ళతో.

అలాంటి మనిషికి యాభయ్యో పడి దగ్గరపడుతున్న వేళ తన చేతులే మాట వినడం మానేశాయి.

చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున్న లేచేసరికి వేళ్ళు మడత పడలేదు. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. ఎండెక్కేదాకా అలాగే బిగిసి ఉండి, తరువాత కొంచెం కొంచెంగా వదులయ్యాయి. రాత్రి పడుకున్న తీరు బాగా లేదేమో అనుకుంది. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి వేళ్ళ కణుపులు ఉబ్బి ఎర్రబడ్డాయి. చింతపిక్కలు తీయడానికి సుత్తి పట్టుకుంటే జారి కింద పడింది. ఆ తరువాత కుడి మోకాలు వాచింది. చెయ్యి వేసి చూస్తే వేడిగా తగిలింది.

ఇక ఆమె దోషి కోసం వెతకడం మొదలుపెట్టింది.

మొదటి అనుమానం చింతపండు మీదే పడింది. షెడ్డులో ఆమెతోపాటు పిక్కలు కొట్టే కొండలమ్మ ఆ మాట తేల్చి చెప్పింది. "ఇన్నేళ్ళు సింతపండు పిసికి పిసికి, ఆ పులుపు నీ ఎముకల్లోకి దిగిపోనాది అప్పలచ్చిమీ. మరేటి కాదు."

"మరి నీ ఎముకల్లోకి ఎందుకు దిగలేదు?" అంది అప్పలలక్ష్మి.

కొండలమ్మ మరో కాయ మీద సుత్తి వేసింది. అయినా మాట మాత్రం అప్పలలక్ష్మి మనసులో నాటుకుపోయింది. ఇంట్లో పులుసు మానేసింది. గోంగూర మానేసింది, మజ్జిగ మానేసింది. చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కుని రబ్బరు బ్యాండ్లు వేసుకుని పని చేసింది. చప్పిడి కూడు తినలేక సింగన్న చాటుగా హోటలుకు వెళ్ళి సాంబారు పోయించుకునేవాడు. ఆమె వేళ్ళు మాత్రం పొద్దున్నే బిగుసుకోవడం మానలేదు.

రెండో అనుమానం సూరన్న మీదికి పోయింది. సూరన్న కొయ్యూరు పైన కొండ మీది ఊరివాడు. ఎన్నో ఏళ్ళుగా తన చెట్ల కాయంతా ఆమెకే అమ్ముతున్నాడు. ఆ సీజను మొదట్లో పండు చెమ్మగా ఉందని ఆమె, మంచు పడిందని అతను, సంతలో మాటా మాటా అనుకున్నారు. ఆమె బుట్టలోంచి చెయ్యి మెల్లగా, పళ్ళు బిగించి బయటికి తీస్తుంటే అతను ఆ చేతి వంకే చూశాడు.

"సెయ్యి జాగర్తమ్మా. ఇది ఊరికే పోదు" అన్నాడు.

ఆ రోజు ఆమె దాన్ని లెక్కచెయ్యలేదు. ఇప్పుడు మంచం మీద కూర్చుని వేళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ ఆ మాటనే మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. ఊరికే పోదు అన్నాడంటే ఏదో తెలిసే అన్నాడు. ఎవరిచేతనో ఏదో చేయించి ఉంటాడు. సింగన్నతో చెబితే తల అడ్డంగా ఊపాడు.

"వాడు అలాంటోడు కాదు లచ్చీ. మన బండి గుంటలో దిగబడితే రోజంతా పని మానుకుని తోసినాడు."

"అలా నమ్మించీ సేస్తారు" అంది ఆమె.

తరువాతి సంతలో సూరన్న బుట్టలు ఎత్తి ఆమె ముందు పెడితే చూడనట్టే లేచి వెళ్ళిపోయింది. అంతటితో ఊరుకోలేదు. సూరన్న పండులో నీళ్ళు కొడుతున్నాడని మరో ఇద్దరు కొనుగోలుదార్లతో అనేసింది. అతను ఆ పూట సరుకంతా మళ్ళీ కావిడికెత్తుకుని కొండెక్కాడు.

నొప్పి తగ్గలేదు. చివరికి సింగన్నే బలవంతంగా ఆమెను డాక్టర్ నాగేంద్ర దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కీళ్ళ డాక్టరు. ఉండేది విశాఖపట్నం. ఆదివారాలు నర్సీపట్నం వచ్చి ఒక మందుల షాపు మేడ మీద రోగులను చూస్తాడు. మాట తక్కువ, చెయ్యి మెత్తన. ఆమె కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశాడు, రక్తం పరీక్షలు చేయించాడు. అది కీళ్ళవాతమనీ, ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే దారి తప్పి సొంత కీళ్ళ మీద పడుతోందనీ చెప్పాడు.

"అంటే నా ఒంటికే నా మీద అనుమానం వొచ్చిందంటారేటండీ?"

డాక్టరు రాస్తున్నవాడల్లా తలెత్తాడు. "ఇంచుమించు అంతేనమ్మా" అన్నాడు.

ఇచ్చిన మాత్రలు వారానికి ఒక్కసారే వేసుకోవాలన్నాడు. పొరపాటున కూడా రోజూ వేసుకోకూడదనీ, మధ్యమధ్య రక్తం చూపించుకుంటూ ఉండాలనీ మూడుసార్లు చెప్పాడు. అంత గట్టిగా చెప్పడమే ఆమెకు నచ్చలేదు. రోజూ వేసుకోకూడని మందు మందెలా అవుతుంది? అది విషమైతేనే కదా అంత భయం.

అంతకన్నా పెద్ద సంగతి ఆ తరువాత జరిగింది. మోకాలు బాగా వాచి ఉంది, నీరు తీస్తే తేలికవుతుందన్నాడు డాక్టరు. ఆ నీటిలో కొంత తాము చేస్తున్న పరిశోధనకు ఇస్తారా అని అడిగి, ఒక కాగితం చదివి వినిపించాడు. సూది భయంలో ఆమె సగమే విన్నది. సింగన్న తల ఊపాడు, ఆమె సంతకం పెట్టింది. సూది మోకాట్లోకి దిగింది. సిరంజిలోకి నూనెలాంటి పసుపుపచ్చ నీరు వచ్చింది. అంతవరకూ నెమ్మదిగా ఉన్న డాక్టరు ఒక్కసారి హడావిడి పడ్డాడు. సిరంజి మూతి వేలితో మూసి, మీద బిరడా బిగించి, ఆమె వైపు వీపు తిప్పి గబగబా తెర వెనక్కి వెళ్ళిపోయాడు. ఏదో పెట్టె మూత తెరిచి మూసిన చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు.

మెట్లు దిగుతూ ఆమె సింగన్న చెవిలో అంది. "సూసినావా మావా? దాసీసినాడు."

"ఏటి దాస్తాడే, మోకాలి నీళ్ళు."

"దాసవలసినది కాకపోతే అంత బేగి ఎందుకు దాసినాడు?"

మందు రెండు వారాలు వేసుకుంది. కడుపులో వికారంగా అనిపించింది, నొప్పి అలాగే ఉంది. పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట కూడా ఆమెకు, అప్పిచ్చినవాడి దగ్గర గడువు అడిగేవాడి మాటలా వినిపించింది.

సరిగ్గా అప్పుడే గోపీకృష్ణ వచ్చాడు. రావికమతంలో ఉండే ఆమె అన్న కొడుకు. డిగ్రీ చదివి, రెండు మూడు ఉద్యోగాలు మారి, ఇప్పుడు ఒక కంపెనీ తరఫున నీళ్ళ మిషన్లు అమ్ముతున్నాడు. చూడచక్కని కుర్రాడు, అత్తంటే ప్రాణం. ఇస్త్రీ చొక్కా నలగకుండా మంచం అంచున కూర్చుని ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"అత్తా, నీకు అసలు రోగం ఎవుడూ సెప్పలేదు. ఒళ్ళంతా యాసిడ్ అయిపోయింది. అదే రూట్ కాజు."

సంచీలోంచి సన్నటి కాగితపు ముక్కలు తీశాడు. ఆమె ఉమ్మిలో ఒకటి ముంచితే పసుపు రంగు తిరిగింది. తన మిషను నీళ్ళలో ముంచితే నీలం తిరిగింది. పసుపంటే పులుపు, నీలమంటే ఆరోగ్యం అన్నాడు. అప్పలలక్ష్మి ఆ రెండు కాగితాలనూ వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. జీవితమంతా పులుపుతో బతికిన మనిషి. కొండలమ్మ నోటిమాటగా అన్నది ఇప్పుడు కళ్ళ ముందు రంగుగా కనబడుతోంది. పైగా చెబుతున్నది పరాయివాడు కాదు.

మోకాలి నీళ్ళ సంగతి కూడా అతనికి చెప్పింది. గోపీకృష్ణ పెదవి విరిచాడు.

"రీసెర్చ్ అంటే ఏటనుకున్నావు? నీ నీళ్ళు మందుల కంపెనీలకి అమ్ముకుంటారు. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి."

ఆ పూటతో డాక్టరు మాత్రలు అటక ఎక్కాయి. వంటగదిలో గోడకు నీళ్ళ మిషను ఎక్కింది. దానితోపాటు అతను ఒక గోధుమరంగు పొడి కూడా ఇచ్చాడు. మిషను నీళ్ళలో పొద్దునా సాయంత్రం కలుపుకుని తాగాలన్నాడు. డబ్బా మీద ఆకుల బొమ్మ తప్ప ఇంకేమీ లేదు.

నాలుగు రోజులు తిరగకుండానే నొప్పి పోయింది. తగ్గడం కాదు, చేత్తో తీసేసినట్టు పోయింది. అప్పలలక్ష్మి పొద్దున్నే లేచి పిడికిలి బిగించి విప్పింది. వాకిలి చిమ్మింది, బిందె ఎత్తింది, షెడ్డుకు నడిచి వెళ్ళి సుత్తి పట్టుకుంది. ఆకలి పెరిగింది. పులుసు మళ్ళీ పొయ్యి మీదికి వచ్చింది. గోపీకృష్ణ ఆమె వీడియో తీసి, "మా అత్త" అని పేరు పెట్టి అందరికీ పంపుకున్నాడు. ఆమెను చూసి ఆ వీధిలో ఇంకొందరు పొడి కొన్నారు.

సింగన్న మొదటిసారి తన పెళ్ళాం దేనినో అడుగు చూడకుండా కొనడం చూశాడు.

ఎండలు ముదిరాయి. అప్పలలక్ష్మి ముఖం గుండ్రంగా తిరిగింది, బుగ్గలు నిగనిగలాడాయి. "ఒళ్ళు సేసినావు, బాగున్నాది" అన్నారు అందరూ. ఒకరోజు అద్దం ముందు బొట్టు పెట్టుకుంటూ ఆమె అలాగే ఉండిపోయింది. ముఖం నిండింది గానీ చేతులు సన్నబడ్డాయి. జబ్బల మీద చర్మం పల్చబడి, చిన్న దెబ్బకే నల్లగా కములుతోంది. నూనె రాసి మెరిపించిన పాత చింతపండు ఆమెకు తెలుసు. పైన నిగనిగలాడుతుంది, లోపల పీచు. అంత మెరుపు దేనికీ ఊరికే రాదు.

అప్పటినుంచి ఆమెకు నిద్ర పట్టలేదు. నీళ్ళా, పొడా? నీళ్ళే అయితే వీధిలో మిషను నీళ్ళు మాత్రమే తాగే నారాయణమూర్తి మాస్టారి నడుము నొప్పి ఎందుకు పోలేదు? గోపీకృష్ణకు ఫోను చేసింది.

"ఒరే, ఆ పొడిలో ఏటేసినారు?"

"మూలికలత్తా. కంపెనీది."

"ఏ మూలికలు?"

"అది వాళ్ళ ఫార్ములా. మనకి సెప్పరు."

"నీకు తెలీనిది నాకెలాగ తాగించినావు?"

"అమ్మకీ అదే ఇస్తన్నానత్తా" అన్నాడు. అతని తల్లి వెంకటదుర్గకు నడుమూ మోకాళ్ళూ నొప్పులు. ఆమె కూడా ఏడాదిగా ఆ పొడే తాగుతోంది. ఆ మాట విన్నాక అప్పలలక్ష్మికి కోపం కన్నా భయం ఎక్కువైంది. వాడు మోసం చెయ్యడం లేదు. వాడికే తెలియదు.

ఎవరికీ చెప్పకుండా పొడి ఆపేసి నీళ్ళు మాత్రం తాగింది. తనకు తెలిసిన పరీక్ష అదొక్కటే, కలిపిన రెండింటినీ విడదీసి చూడడం. అందులో ఎంత ప్రమాదం ఉందో ఆమెకు తెలియదు. మొదటి రెండు రోజులు నీరసం. తరువాత వాంతులు. కీళ్ళు మునుపటి కన్నా ఘోరంగా తిరగబడ్డాయి. ఒక పొద్దున్న షెడ్డులో బుట్ట మీదికి వంగి అలాగే ముందుకు కూలిపోయింది. కొండలమ్మ కేకకు సింగన్న పరుగెత్తుకొచ్చి ఆమెను ట్రాలీలో గోనెసంచుల మీద పడుకోబెట్టాడు. ఆదివారం కాబట్టి నేరుగా నాగేంద్ర దగ్గరికే తీసుకెళ్ళాడు.

డాక్టరు ఆమె ముఖం చూసిన మరుక్షణమే అడిగాడు. "ఏ పొడి తిన్నారమ్మా?"

ఆమె కళ్ళు తెరిచే స్థితిలో లేదు. సింగన్న చెప్పాడు. బీపీ బాగా పడిపోయి ఉంది. సెలైను పెట్టి, ఇంజక్షను చేసి, సాయంత్రం దాకా పక్కనే ఉంచుకున్నారు. ఆమె తేరుకున్నాక డాక్టరు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుందని తన అనుమానమనీ, ఇలాంటి కేసులు చాలా చూశాననీ అన్నాడు. అది వాపును వెంటనే అణుస్తుంది. కానీ నెలల తరబడి బయటినుంచి అందితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

"అందుకని అదే జాతి మందు, కొలిచి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ ఇస్తాను."

"అది సెడ్డదని సెప్పి మళ్ళీ అదే ఇస్తానంటావేటి బావూ?"

"ఎంత ఇస్తున్నానో నాకు తెలుసు, ఎప్పుడు ఆపాలో తెలుసు. ఆ డబ్బావాడికి రెండూ తెలియవు."

పొడి పరీక్షకు పంపుతానన్నాడు. ఆమె సింగన్న చేత ఇంటినుంచి డబ్బా తెప్పించి, పొడిని రెండు పొట్లాలు కట్టించింది. ఒకటి డాక్టరుకు ఇచ్చింది. రెండోది పాయకరావుపేటలో ల్యాబులో పనిచేసే చెల్లెలి అల్లుడి ద్వారా వేరే చోటికి పంపించింది. డాక్టరుకు ఆ సంగతి దాచలేదు కూడా. ఆయన, "మంచిపని" అన్నాడు. కొన్నాళ్ళకు రెండు చోట్లనుంచీ ఒకే మాట వచ్చింది. స్టెరాయిడే.

ఆ తరువాతి ఆదివారం ఆమె తన కాళ్ళ మీద మేడెక్కింది. మోకాలు మళ్ళీ నిండి ఉంది. డాక్టరు సూది సిద్ధం చేస్తుంటే, ఇన్నాళ్ళూ లోపల పెట్టుకున్న మాట అడిగేసింది.

"పోయినసారి నా మోకాలి నీళ్ళు ఎవులికమ్మినారు?"

నర్సు చేతిలో దూది అలాగే ఆగిపోయింది. సింగన్న తల దించుకున్నాడు. డాక్టరు ముఖం ఎర్రబడింది.

"అలా ఎందుకనిపించిందమ్మా?"

"తియ్యగానే దాసీసినారు కదా."

డాక్టరు నర్సుతో తెర తీసేయమన్నాడు. తెర వెనక బల్ల మీద ఐసు పెట్టె ఒకటి, సన్నటి కడ్డీ తగిలించిన చిన్న మిషను ఒకటి ఉన్నాయి. బల్లను లాగి ఆమె మంచం పక్కకే తెచ్చాడు.

"దాచింది మీ నుంచి కాదమ్మా, గాలి నుంచి. ఈ నీళ్ళకు గాలి తగిలితే అందులోని పులుపు లెక్క మారిపోతుంది. అందుకే ఆ పరుగు. ఆ రోజే నిదానంగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు."

పులుపు అన్న మాట వినగానే అప్పలలక్ష్మి మోచేతుల మీద లేచింది. సూది దిగింది. పసుపుపచ్చటి నీరు వచ్చింది. మంచి కీలులో అయితే ఇది అద్దంలా ఉంటుంది, ఇందులో మడ్డి చూడండి అన్నాడు. బిరడా బిగించి, గాలి తగలకుండా మిషనులోకి ఎక్కించాడు. మిషను అద్దం మీద అంకెలు కదిలి ఏడుకు కాస్త కింద ఆగాయి. మామూలుగా ఏడున్నరకు దగ్గరగా ఉండాలనీ, అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టనీ చెప్పాడు.

"అయితే పులుపేనన్నమాట" అంది ఆమె. గొంతులో గెలిచిన ధ్వని లేదు. "మా గోపీ సెప్పినది నిజమే. కొండలమ్మ సెప్పినదీ నిజమే."

"పులుపు నిజం. అది వచ్చిన దారి తప్పు. మీరు తిన్న చింతపండు ఇక్కడికి రాదు. తిన్నదాన్ని బట్టి ఉమ్మిలో పులుపు మారుతుంది, మూత్రంలోనూ మారుతుంది. రక్తం మాత్రం తన లెక్క తాను చూసుకుంటుంది. ఇది మోకాలి లోపలే పుట్టింది. వాచిన చోట కణాలు గుంపులు గుంపులుగా చేరతాయి. ఉన్న ప్రాణవాయువు వాటికి చాలదు. ఆ ఇరుకులో అవే పులుపు పుట్టిస్తాయి."

"పుడితే పుట్టిందిలే. దానికి నొప్పెందుకు?"

"కీలు లోపలి పొరలో ఉండే కణాలకు ఆ పులుపు తెలుస్తుంది. నాలుకకు తెలిసినట్టే అనుకోండి. వాటి ఒంటి మీద చిన్న చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. పులుపు తగిలితే తెరుచుకుంటాయి. నొప్పి తెలిపే నరాలకూ అలాంటివే ఉన్నాయి. అవి తెరుచుకుంటే మీకు నొప్పి. పొర కణాల్లో కొన్ని తలుపులు తెరుచుకుంటే వాపు ఇంకా రేగుతుంది."

"అయితే ఆ తలుపులు మూసీండి. పీడా పోద్ది."

డాక్టరు మొదటిసారి నవ్వాడు. "అందరూ అలాగే అనుకున్నారు. ఒక రకం తలుపు లేని ఎలుకలను తయారుచేసి చూశారు. వాటి కీళ్ళు తక్కువ వాస్తాయనుకుంటే ఇంకా ఎక్కువ వాచాయి. ఆ తలుపు పులుపును పసిగట్టినప్పుడు గుంపులో కొన్ని కణాలు చచ్చిపోతున్నాయి. కీలుకు కందెనలా పనిచేసే జిగురు కూడా కణాలు కొంత వదులుతున్నాయి. అంటే వాపును అదుపులో పెట్టేదీ అదే కావచ్చు."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "అయితే అది మంచిదా, సెడ్డదా?"

"తెలియదమ్మా. ఎలుకల్లో చూసింది మనుషుల్లో ఎంత నిజమో కూడా ఇంకా తెలియదు. అది తెలుసుకోవడానికే మీలాంటివాళ్ళ నీళ్ళు కావాలి."

"తెలీకుండానే నాకు మందెలాగ ఇచ్చినారు?"

"ఆ మందు సంగతి వేరే. అది ఏళ్ళ తరబడి ఎంతోమందిలో చూసి తేల్చింది. తేలినదానికి మందిచ్చాను. తేలనిదాన్ని తేలలేదనే చెబుతున్నాను."

సంతలో ఇన్నేళ్ళలో తన సరుకు గురించి తెలియదు అన్నవాడిని అప్పలలక్ష్మి చూడలేదు. ఆ మాట కూడా ఒక ఎత్తేమో అని ఆలోచిస్తూనే మెట్లు దిగింది. ఇంటికి వెళ్ళి అటక మీది పాత మాత్రలు తీయించి, తేదీ చూసి పారేసి, కొత్తవి తెప్పించుకుంది.

ఈసారి మందు మెల్లగా పనిచేసింది. వానలు పడేనాటికి పొద్దుటి బిగువు సగానికి సగం తగ్గింది. ముఖం గుండ్రం కొంచెం కొంచెంగా దిగింది. కానీ మందు మానేసిన ఆ నెలల్లో కుడిచేతి వేళ్ళు రెండు పక్కకు వాలిపోయాయి. పొడి నొప్పిని కప్పిందే గానీ కీలు లోపల జరుగుతున్నదాన్ని ఆపలేదు. ఆ వేళ్ళు ఇక తిన్నగా కావు. సుత్తి పని కొండలమ్మకు అప్పజెప్పి, కొనడం అమ్మడం మాత్రం తన దగ్గర ఉంచుకుంది.

తరువాతి సీజనుకు సంతకు వెళ్ళినప్పుడు సూరన్న దగ్గరికి తానే నడిచి వెళ్ళింది.

"ఆ రోజు నా సెయ్యి సూసి అలా ఎందుకన్నావు?"

సూరన్న ఆమె వాలిన వేళ్ళు చూశాడు. "మాయమ్మకీ ఇలాగే మొదలైనాది. ఊరికే పోద్దనుకున్నాం. ఆకరికి ముద్ద కూడా నోటికెత్తుకోలేకపోనాది. అందుకని సెప్పినాను."

ఆమె అతని బుట్టల వైపు చెయ్యి చూపి, అంతా తానే తీసుకుంటానంది.

"ఏరే షావుకారికి మాటిచ్చీసినానమ్మా" అన్నాడు సూరన్న, కోపమేమీ లేకుండా. "పోయినేడు నా పండు నీళ్ళపండని పేరెట్టినాక ఆయనే కొన్నాడు."

ఆ పేరు పెట్టిందెవరో అతనికి తెలుసో తెలియదో ఆమెకు అర్థం కాలేదు. ఆ పూట సంతలో ఆ ఇద్దరు కొనుగోలుదార్లనూ వెతికి పట్టుకుని, సూరన్న పండులో నీళ్ళు లేవని, తాను చూడకుండా అన్నానని చెప్పింది. ఒకడు విని తల ఊపాడు. రెండోవాడు, ఈవిడకు ఇప్పుడు సూరన్నతో ఏం లావాదేవీ కుదిరిందో అన్నట్టు చూశాడు.

పొడి కొన్న వీధివాళ్ళకు ముందే చెప్పింది. ఇక మిగిలింది వదిన. పరీక్ష సంగతి తెలిశాక గోపీకృష్ణ నీళ్ళ మిషన్లు అమ్మడం మానేశాడు గానీ, ఇంట్లో ఉన్న డబ్బాలు పారెయ్యలేదు. వెంకటదుర్గ పారెయ్యనివ్వలేదు. తాగితేనే లేచి తిరుగుతున్నాను, ఎవరేమంటే నాకేం అంటుంది. అప్పలలక్ష్మి రెండుసార్లు రావికమతం వెళ్ళి చెప్పింది. రెండుసార్లూ కాఫీ ఇచ్చి పంపించారు. మూడోసారి వెళ్ళినప్పుడు వదిన తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం తాంబాళంలా ఉంది, జబ్బ మీద నల్లటి మచ్చలు.

"ఒక్కపాలి సూపించుకో వొదినా. ఒక్కసారిగా మానీకు, నాకులాగ పడిపోతావు. ఆయనే మెల్లగా మానిపిస్తాడు."

ఎప్పుడో తగిలిన దెబ్బ ఎంతకీ మానకపోవడంతో ఆ వారమే వెంకటదుర్గ చివరికి ఒప్పుకుంది. ఆదివారం సింగన్న ట్రాలీలో దుప్పటి పరిచి ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. నర్సీపట్నం పొలిమేరలో చెరకు లారీల వెనక బండి ఆగినప్పుడు, వెంకటదుర్గ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా అడిగింది.

"ఒక మాట సెప్పు. మనిసిని తీసుకెళ్తే ఆ డాక్టరు నీకేటిస్తాడు?"

అప్పలలక్ష్మి తిరిగి చూసింది. వదిన కళ్ళల్లో కోపం లేదు. లెక్కలు కడుతున్న చూపు.

"లోపలికెళ్ళినాక ఆయన్నే అడుగు. నానూ అడిగినాను" అంది.

లారీలు కదిలాయి. సింగన్న గేరు వేశాడు. బండి కుదుపుకు వదిన పక్కకు ఒరిగితే, అప్పలలక్ష్మి వంకర వేళ్ళ చేత్తోనే ఆమె జబ్బ పట్టుకుంది, నొక్కకుండా.